ఇందూరు సీమలో ఇల్లును వ్యాయామమును

1931లో నిజాంసాగరు నిర్మాణము పూర్తియైన పిదప మంజీరా జలములు బోధను ప్రాంతపు పొలములకు పారెను. 1937లో శక్కరునగరున నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. చెరకు నాటి, కలుపు తీసి, నరికి, మోపులు గట్టి బండ్ల కెత్తువారికి వేరు వ్యాయామ మేలయని పెద్దలు తలచుట సహజము. ఆ కర్మాగారము 2015లో మూతపడెను. ట్రాక్టర్లును మోటారు సైకిళ్లును పెరిగినకొలది పొలములందు, దారులందు కూడ శరీరశ్రమ తగ్గెను. ఒకప్పుడు పనిలో కలిసివచ్చిన వ్యాయామము నేడు పూనికతో చేయవలసినదైనది. ఆ పూనిక ఎట్లు కలుగునో ఈ సీమ చరిత్రయే తెలుపుచున్నది.

నిజామాబాదు పట్టణమున 1996లో జన్మించిన నిఖత్ జరీను నలుగురు కుమార్తెలలో మూడవది. తండ్రి జమీల్ అహ్మదు స్వయముగా క్రీడాకారుడు. ఆయన మొదట కుమార్తెను పరుగుపందెములకు సిద్ధపరచెను. మైదానమున అన్ని ఆటలందును బాలికలు కనబడుచు, బాక్సింగున మాత్రము కానరాకుండుటకు కారణమేమని ఆమె అడిగెను. ఆడపిల్లలకు అంత బలము లేదని లోకులు తలంతురని తండ్రి చెప్పెను. ఆ మాటయే ఆమెకు పట్టుదలయయ్యెను. స్థానిక శిక్షకుడు శంసాముద్దీను ఆమెకు తొలిపాఠములు నేర్పెను. ముఖమున గాయములతో ఇల్లు చేరిన బిడ్డను జూచి, పెండ్లి యెట్లగునోయని తల్లి కంటనీరు పెట్టెను. నిక్కరు ధరించి ఆడుట తగదని బంధువులు ఆక్షేపించిరి. తండ్రి వెనుదీయలేదు. 2011లో ఆమె టర్కీ దేశపు అంటాల్యాలో జూనియరు ప్రపంచ విజేతయయ్యెను. 2017లో భుజమునకు గాయమై శస్త్రచికిత్స జరిగి, చాలకాలము ఆటకు దూరమయ్యెను. అయినను మరల నిలిచి, 2022లో ఇస్తాంబులునను, 2023లో ఢిల్లీలోను ప్రపంచ విజేతగా నిలిచెను.

ఇంట క్రీడాసంప్రదాయము లేనివారి మాట యేమి? సిరికొండ మండలము పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ తలిదండ్రులు వ్యవసాయ కూలీలు. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుచుండగా ఆమె పర్వతారోహణకు ఎన్నికయై, మొదట భువనగిరి గుట్టపై శిక్షణ పొందెను. 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఎవరెస్టు శిఖర మెక్కెను. ఇచ్చట ప్రేరణ నిచ్చినది పాఠశాల. అయినను, ప్రాణాపాయమున్న కార్యమునకు బిడ్డను పంపుటకు అంగీకరించిన తలిదండ్రుల ధైర్యము తక్కువది కాదు.

ప్రేరణ బయటినుండియు రావచ్చును. దానిని నిలుపునది ఇల్లే. బిడ్డలందరును విజేతలు కానక్కరలేదు. పిల్లలకు దినమునకు సగటున 60 నిమిషములు, పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషములు శరీరశ్రమ వలయునని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించినది. ఈ సూచనను గోడపై వ్రాసినంత మాత్రమున ఫలము లేదు. తండ్రి తెల్లవారుజామున నడకకు బయలుదేరిన యింట బిడ్డయు వెంట నడచును. కుమారుని మైదానమునకు పంపి, కుమార్తెను గుమ్మముకడ ఆపిన యింట సగము ఆరోగ్యమే నిలుచును. లోకుల మాటకు వెరవక ఒక్క తండ్రి తలుపు తెరచినందున ఇందూరు బాలిక ప్రపంచ విజేతయైనది. గ్రామమున ప్రతి గడపయు అట్లే తెరచుకొనుట ఆరోగ్యమునకు తొలిమెట్టు.