రంగా గారా, సంజీవరెడ్డి గారా? 1951 ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పోటీ కథ

అమెరికాలో ఉన్న మనవాళ్ళతో ఫోన్లో మాట్లాడుతుంటే నాలుగేళ్ళకోసారి ఒక మాట తప్పకుండా వస్తుంది, ప్రైమరీలు. ఒకే పార్టీలో నలుగురైదుగురు నిలబడతారు, ఒకరి మీద ఒకరు విమర్శలు చేసుకుంటారు, రాష్ట్రం తర్వాత రాష్ట్రం ఓట్లు పడతాయి, చివరికి ఒకరు మిగులుతారు. "మన దగ్గర ఇలాంటివి ఎందుకు లేవండీ?" అని అడుగుతారు. లేకపోవడమేంటండీ, ఉన్నాయి. పార్టీ అధ్యక్ష పదవికి నిజంగా పోటీ జరిగి, ఓట్లు లెక్కపెట్టి, ఒకరిని గెలిపించి ఒకరిని ఓడించిన రోజులు మన ఆంధ్రలోనే ఉన్నాయి. అలాంటి ఒక పోటీ గురించి, అది మన రాజకీయాన్ని ఎలా మార్చిందన్న దాని గురించి ఇవాళ చెప్పుకుందాం.

మేం ఒంగోలులో ఉంటాం కాబట్టి కథ ప్రకాశం పంతులు గారితో మొదలుపెడతాను. 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టి, ఒంగోలులో చదువుకుని, వాళ్ళమ్మ సుబ్బమ్మ గారు పూటకూళ్ళ ఇల్లు నడిపి పెంచితే పైకొచ్చిన మనిషి. బారిస్టరై, సంపాదించిందంతా ఉద్యమానికీ 'స్వరాజ్య' పత్రికకీ పెట్టి, 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకులకి రొమ్ము చూపించినాయన. ఇదంతా అందరికీ తెలుసు. ఆయన పార్టీ లోపలి ఎన్నికల్లో ఎన్ని దెబ్బలు తిన్నారో మాత్రం అంతగా చెప్పుకోం.

ముందు 1946కి వెళ్దాం. మద్రాసు ప్రెసిడెన్సీలో కాంగ్రెస్ గెలిచింది. ప్రధానమంత్రి ఎవరు? అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవాళ్ళు. గాంధీగారి మొగ్గు రాజాజీ వైపు. శాసనసభ్యులు ఒప్పుకోలేదు. చివరికి పార్టీ నాయకత్వానికి ముత్తురంగ ముదలియార్ గారికీ ప్రకాశం గారికీ పోటీ జరిగింది. ప్రకాశం గారు గెలిచి, 1946 ఏప్రిల్ 30న పదవి చేపట్టారు. పదకొండు నెలలు కూడా నిండలేదు. కొత్త బట్టల మిల్లులు వద్దు, ఊరూరా ఖద్దరు నేయిద్దాం అన్నారాయన. పత్తి పండే మన ప్రాంతంలో ఆ మాట వినడానికి బాగుండొచ్చు కానీ, పార్టీలో చాలామందికి నచ్చలేదు. తమిళనాడు నుంచి కామరాజ్ వర్గం, ఆంధ్ర నుంచి పట్టాభి సీతారామయ్య గారి వర్గం కలిశాయి. 1947 మార్చిలో ప్రకాశం గారు దిగిపోయారు, ఓమందూరు రామస్వామి రెడ్డియార్ వచ్చారు. గమనించండి, ఆయన్ని దించింది ప్రతిపక్షం కాదు, సొంత పార్టీయే.

అక్కడి నుంచి ఆంధ్ర కాంగ్రెస్‌లో రెండు శిబిరాలు బాహాటంగా కనబడతాయి. ఒక పక్క పట్టాభి గారు, కళా వెంకటరావు గారు, వాళ్ళ మనుషులు. ఇంకో పక్క ప్రకాశం గారు. రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉన్నది ఆచార్య ఎన్.జి. రంగా గారు. 1951 వచ్చేసరికి రంగా గారూ ప్రకాశం గారూ ఒక పక్కకి చేరారు.

ఇప్పుడు అసలు పోటీ. రంగా గారి మీద నీలం సంజీవరెడ్డి గారు నిలబడ్డారు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

రంగా గారిది గుంటూరు జిల్లా నిడుబ్రోలు. మన ఒంగోలు మీదుగా మద్రాసు వెళ్ళే రైలు మార్గంలోనే ఉన్న ఊరు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చి, జమీందారీల మీద రైతుల్ని కూడగట్టి, సొంత ఊళ్ళో రైతులకి రాజకీయ పాఠశాల పెట్టిన మనిషి. అప్పటికి యాభై ఏళ్ళు. పత్తి, మిరప, పొగాకు వేసే రైతు ఇంట్లో ఆయన పేరు తెలియనివాళ్ళు ఉండరు. ఆయన పక్షం వాదన ఏంటంటే, కాంగ్రెస్ పల్లెలో బతకాలంటే రైతుని నమ్ముకోవాలి, మద్రాసు సెక్రటేరియట్‌ని నమ్ముకుంటే లాభం లేదు.

సంజీవరెడ్డి గారిది అనంతపురం జిల్లా ఇల్లూరు. ఇంకా నలభై కూడా రాలేదు. మద్రాసు ప్రభుత్వంలో మంత్రి. ఆ మంత్రి పదవి వదిలేసి పార్టీ అధ్యక్ష పదవికి పోటీ చేశారు. ఇది మామూలు విషయం కాదండీ. ఇవాళ మంత్రి పదవి వదులుకుని పార్టీ పని చేస్తానంటే ఇంట్లోవాళ్ళే నమ్మరు. ఆయన పక్షం వాదన ఏంటంటే, పార్టీకి క్రమశిక్షణ కావాలి, కొత్త తరం రావాలి, రాయలసీమకి కూడా ముందు వరుసలో చోటు దక్కాలి.

రెండు వాదనల్లోనూ బలం ఉంది. ఇంకోటి కూడా ఉంది, అది చెప్పకపోతే కథ సగమే. మనుషుల మధ్య పాత పగలు, కులాల లెక్కలు, కోస్తా-సీమ అనుమానాలు, వచ్చే సార్వత్రిక ఎన్నికల్లో టికెట్లు ఎవరి చేతిలో ఉంటాయన్న లెక్క. అధ్యక్షుడు ఎవరో తేలితే అభ్యర్థుల జాబితా ఎవరు రాస్తారో కూడా తేలినట్టే. అందుకే అంత పట్టుదల.

ఓటు ఎవరికుంది? అమెరికా ప్రైమరీలో మామూలు ఓటరు వెళ్ళి ఓటేస్తాడు. ఇక్కడ అలా కాదు. మామూలు సభ్యులు ప్రతినిధుల్ని ఎన్నుకుంటే, ఆ ప్రతినిధులే ప్రదేశ్ కాంగ్రెస్ కమిటీ. అధ్యక్షుడికి ఓటేసేది వాళ్ళు. మిరప చేలో ఉన్న రైతు రంగా గారిని ఎంత అభిమానించినా, ఆ గదిలో అతనికి ఓటు లేదు. సభ్యత్వ పుస్తకాలు ఎవరి దగ్గరుంటే ప్రతినిధులు వాళ్ళ వైపు ఉంటారన్న ఫిర్యాదు ఆ రోజుల్లో దేశమంతా ఉంది.

హోరాహోరీగా జరిగిన ఆ పోటీలో సంజీవరెడ్డి గారు గెలిచారు. రంగా గారు ఓడిపోయారు. నా ఉద్దేశంలో అసలు కథ అక్కడి నుంచే మొదలవుతుంది. ఓడినవాళ్ళు పార్టీలో ఉండలేదు. ప్రకాశం గారూ రంగా గారూ కాంగ్రెస్ వదిలి బయటికొచ్చారు. సరిగ్గా ఆ సమయంలోనే ఢిల్లీలో కూడా ఇదే కథ. 1950లో అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్ష పోటీలో పురుషోత్తమదాస్ టండన్‌కి 1306, ఆచార్య కృపలానీకి 1092 ఓట్లు వచ్చాయి. ఓడిన కృపలానీ మరుసటి ఏడాది పార్టీ వదిలి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ పెట్టారు. ప్రకాశం గారు అందులోకి వెళ్ళారు. రంగా గారు కృషికార్ లోక్ పార్టీ అని వేరే పెట్టుకున్నారు. అంటే కాంగ్రెస్ నుంచి బయటికొచ్చినవాళ్ళు కూడా ఒక చోట నిలవలేదు.

ఇక 1952 ఎన్నికలు. మద్రాసు శాసనసభలో మొత్తం 375 స్థానాలు. కాంగ్రెస్‌కి 152 వచ్చాయి, మెజారిటీ లేదు. కమ్యూనిస్టులకి 62, ప్రజా పార్టీకి 35, రంగా గారి పార్టీకి 15. తెలుగు జిల్లాల్లో కాంగ్రెస్, కమ్యూనిస్టులు దాదాపు సమానంగా నిలిచారు. చీలిక ఒక్కటే కారణం అనను. తిండిగింజల కొరత ఉంది, సీమలో కరువు ఉంది, కృష్ణా-గుంటూరు పల్లెల్లో కమ్యూనిస్టులు ఏళ్ళ తరబడి చేసిన పని ఉంది. కానీ కాంగ్రెస్ ఓటు మూడు ముక్కలైందన్నది మాత్రం కళ్ళ ముందు కనబడే సంగతి.

ఇందులో ఇంకో విచిత్రం చూడండి. 1951లో గెలిచిన సంజీవరెడ్డి గారు 1952లో అనంతపురంలో ఓడిపోయారు. ఓడించింది ఎవరు? కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి గారు, స్వయానా బావమరిది. ఇటు ప్రకాశం గారూ ఓడిపోయారు. పార్టీ గదిలో గెలిచిన పక్షాన్నీ, ఓడి బయటికెళ్ళిన పక్షాన్నీ జనం ఒకే ఎన్నికలో ఇంటికి పంపారు.

సరే, తర్వాతేం జరిగింది? ప్రకాశం గారు కాంగ్రెసేతర పక్షాల్ని కూడగట్టి ప్రభుత్వం ఏర్పాటు చేస్తామన్నారు. గవర్నర్ రాజాజీని పిలిచారు. ఆ డిసెంబరులో పొట్టి శ్రీరాములు గారు ప్రాణాలిచ్చారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ముఖ్యమంత్రి ప్రకాశం గారు, ఉపముఖ్యమంత్రి సంజీవరెడ్డి గారు. రెండేళ్ళ కింద ఎవరి మూలంగా పార్టీ వదిలారో ఆయన పక్కనే కూర్చున్నారు. ఆ ప్రభుత్వం 1954 నవంబర్లో మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

1955లో మళ్ళీ ఎన్నికలు. ఈసారి కమ్యూనిస్టులు గెలుస్తారని చాలామంది అనుకున్నారు. ఆ భయంతో పాతవాళ్ళంతా కలిశారు. కాంగ్రెస్, రంగా గారి కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఒక కూటమిగా నిలబడ్డాయి. 196 స్థానాల్లో 146 వచ్చాయి. కమ్యూనిస్టులకి పదిహేనే. కానీ వాళ్ళకి పడిన ఓట్లు దాదాపు 31 శాతం. అంటే జనం వాళ్ళని పూర్తిగా వదిలేయలేదు. అవతలి ఓటు చీలలేదు, అంతే. 1951లో కూర్చుని మాట్లాడుకుని ఉంటే దక్కేది, నాలుగేళ్ళ తర్వాత భయం వల్ల దక్కింది.

మరి 1951లో ఎవరు సరైన అభ్యర్థి అని నన్నడిగితే, నిజాయితీగా చెబుతాను, ఆ ప్రశ్నకి జవాబు నాకు అంత ముఖ్యం అనిపించదు. రంగా గారు గెలిచి ఉంటే అవతలి వర్గం బుద్ధిగా ఉండేదని నమ్మకం లేదు. 1947లో ప్రకాశం గారిని దించిన తీరు చూశాం కదా. రెండు లోపాలు నాకు కనబడతాయి. ఒకటి, ఆ గదిలో ఓటేసినవాళ్ళు తక్కువ, బయట ఆ ఫలితం మోసినవాళ్ళు ఎక్కువ. రెండోది, గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకి చోటు ఉంచలేదు, ఓడినవాళ్ళు ఆ చోటు కోసం ఓపిక పట్టలేదు. 2008లో అమెరికాలో ఒబామా, హిల్లరీ క్లింటన్ నెలల తరబడి పోట్లాడుకున్నారు. ఓడిన హిల్లరీ ఆయన కోసం ప్రచారం చేశారు, గెలిచిన ఒబామా ఆమెని విదేశాంగ మంత్రిని చేశారు. ఆ పోటీ వల్ల పార్టీ పాడవలేదు.

సంజీవరెడ్డి గారికి ఇదే పాఠం ఇంకోసారి ఎదురైంది. 1969లో రాష్ట్రపతి పదవికి ఆయన కాంగ్రెస్ అధికార అభ్యర్థి. సొంత పార్టీ ప్రధానమంత్రి ఇందిరాగాంధీ మద్దతు ఇవతల నిలబడ్డ వి.వి. గిరి గారికి దక్కింది. సంజీవరెడ్డి గారు ఓడారు, కొన్ని నెలల్లో కాంగ్రెస్ చీలింది. 1977లో మాత్రం పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. రంగా గారు 1959లో మళ్ళీ బయటికెళ్ళి స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడయ్యారు, చాలా ఏళ్ళ తర్వాత తిరిగి కాంగ్రెస్‌కే వచ్చి గుంటూరు నుంచి పార్లమెంటుకి వెళ్ళారు. ప్రకాశం గారు 1957లో పోయారు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది, తర్వాత దానికి ఆయన పేరే పెట్టుకున్నాం.

ఇవాళ మన పార్టీల్లో అధ్యక్ష ఎన్నిక అంటే ఏకగ్రీవం, దండలు, చప్పట్లు. 2022లో కాంగ్రెస్‌లో ఖర్గే గారికీ శశి థరూర్ గారికీ ఓట్లతో పోటీ జరిగితే అదే పెద్ద వార్త అయింది. 1951 గొడవ చూసి "అందుకే పోటీలు వద్దు" అనేవాళ్ళు ఉంటారు. నేను అలా అనను. పోటీ ఉండాలి, ఓటేసేవాళ్ళు ఎక్కువమంది ఉండాలి, లెక్క తేలిన మర్నాడు ఓడినాయన ఇంటికి గెలిచినాయన వెళ్ళాలి. ఆ ఒక్క పనీ ఆ రోజు జరిగి ఉంటే, ప్రకాశం గారి జీవితంలో చివరి ఆరేళ్ళు ఇంకోలా ఉండేవేమో.

వచ్చే ఎపిసోడ్‌లో 1955 ఎన్నికల ప్రచారం గురించి వివరంగా చెప్పుకుందాం. అప్పటిదాకా సెలవు. నమస్కారం.