పెరటి పాకలో మంచం: ఇంగ్లండు కట్టడాల చట్టం కథ

ఇంగ్లండులో సొంత ఇల్లున్న మనిషి తన పెరట్లో ఒక కొయ్యగది కట్టుకోవాలంటే సాధారణంగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. షరతులు మాత్రం ఉన్నాయి. గది ఒక అంతస్తుకు మించకూడదు. ఇంటి ముందువైపు ఉండకూడదు. సరిహద్దుకు 2 మీటర్ల లోపల కడితే ఎత్తు 2.5 మీటర్లు దాటకూడదు. దూరంగా కడితే రెండు వాలుల కప్పును 4 మీటర్ల దాకా లేపవచ్చు. అసలు ఇల్లు పోగా మిగిలిన జాగాలో సగానికి మించి కట్టడాలతో నింపకూడదు. ఈ హద్దుల్లో ఉన్నంతవరకు ఆ గదిలో బిలియర్డ్సు బల్ల వేసుకోవచ్చు, బొమ్మలు గీసుకోవచ్చు, కోళ్లనూ తేనెటీగలనూ పెంచుకోవచ్చు. కోళ్లు, తేనెటీగలు అన్న మాటలు నేను చమత్కారానికి చేర్చినవి కావు, ఆ నిబంధనలో ఉన్నవే.

అదే గదిలో మంచం వేసి, పొయ్యి పెట్టి, ఒక మనిషిని కాపురానికి దించారనుకోండి. వెంటనే అనుమతి కావాలి. గది పొడవూ మారలేదు, వెడల్పూ మారలేదు. కాని చట్టం దృష్టిలో అది వేరే వస్తువైపోయింది. ఆ గది ఉపయోగం ఇంటి అనుభోగానికి 'ఆనుషంగికం'గా ఉండాలన్నది నియమం. కోడి ఆనుషంగికం. మనిషి నిద్ర ఆనుషంగికం కాదు.

ఇది గుమాస్తాల చాదస్తమని నవ్వి ఊరుకోవచ్చు. కాని ఈ గీత వెనుక నాలుగు శతాబ్దాల చరిత్ర ఉంది. కప్పు ఎత్తు గురించి మాట్లాడుతున్నట్టు కనిపించే ఈ చట్టం, ఆ కప్పు కింద ఎవరు పడుకోవచ్చునన్న ప్రశ్నను ఎన్నడూ వదిలిపెట్టలేదు.

1580లో ఎలిజబెత్ రాణి లండన్ నగర ద్వారాలకు మూడు మైళ్ల లోపల కొత్త ఇళ్లు కట్టరాదని శాసించింది. 1589లో పార్లమెంటు మరొక మెట్టు ఎక్కింది. దాని ప్రకారం పల్లెలో గుడిసె వేసే ప్రతివాడూ దానికి నాలుగెకరాల భూమి చూపించాలి. లేకపోతే 10 పౌన్ల జరిమానా. గుడిసె నిలిచి ఉన్నన్నాళ్లూ నెలకు 40 షిల్లింగులు అదనం. ఒక గుడిసెలో రెండో కుటుంబానికి చోటిచ్చినా జరిమానాయే. ప్రతి కూలివాడికీ ఇంత భూమి ఉండాలన్న సదుద్దేశం ఇందులో ఉందని వాదించే చరిత్రకారులు లేకపోలేదు. చట్టం చదివితే అలాగే అనిపిస్తుంది కూడా. కాని అది ఏ కాలంలో వచ్చిందో చూడాలి. ఉమ్మడి బీళ్లకు భూస్వాములు కంచెలు వేస్తున్న కాలమది. నేల పోగొట్టుకున్నవాడు దారిపక్కన గుడిసె వేసుకుంటే, రేపు వాడి పోషణ భారం తమ మీద పడుతుందని ఊరి పెద్దలు భయపడుతున్న కాలమది. అందరికీ నాలుగెకరాలు ఇస్తామని ఆ చట్టం ఎక్కడా అనలేదు. అవి లేనివాడికి గుడిసె ఉండకూడదని మాత్రం అన్నది. 1775లో దాన్ని రద్దు చేస్తూ, కష్టపడే పేదలకు ఇళ్లు దొరకడం కష్టమైపోయిందని పార్లమెంటే ఒప్పుకున్నది. అందుకు 186 ఏళ్లు పట్టింది.

వేల్సు ప్రజల్లో ఇంకొక నమ్మకం ఉండేది. ఉమ్మడి నేల మీద ఒక్క రాత్రిలో ఇల్లు లేపి, తెల్లవారేసరికి పొగగూటిలోంచి పొగ పంపగలిగితే ఆ ఇల్లు వాళ్లదేనని. ఏ న్యాయస్థానమూ దాన్ని హక్కుగా గుర్తించలేదు. అయినా జనం కట్టారు.

అసలు ఘట్టం పందొమ్మిదో శతాబ్దం చివర మొదలవుతుంది. 1870ల తర్వాత అమెరికా గోధుమలు చౌకగా ఓడల్లో దిగడంతో ఎసెక్సు బంకమట్టి పొలాలు గిట్టుబాటు కాక బీడు పడ్డాయి. వ్యాపారులు ఆ పొలాలను కారుచౌకగా కొని, సన్నని చీలికలుగా కోసి వేలం పెట్టారు. లండన్ నుంచి ప్రత్యేక రైళ్లలో జనాన్ని తీసుకుపోయి, షాంపేన్ పోసి మరీ అమ్మారు. తూర్పు లండన్ ఇరుకు సందుల్లో బతికే కార్మికులు కొద్ది పౌన్లకు ఒక్కొక్క చీలిక కొన్నారు. ఆదివారాలు వెళ్లి, దొరికిన కలపతో, రైల్వేవాళ్లు పారేసిన పెట్టెలతో, పాత బస్సులతో పాకలు వేసుకున్నారు. లెయిండన్, డంటన్, కాన్వీ ద్వీపం, జేవిక్ – ఇలాంటి చోట్లకు 'ప్లాట్‌ల్యాండ్స్' అన్న పేరు స్థిరపడింది. రెండో ప్రపంచయుద్ధంలో లండన్ మీద బాంబులు పడ్డప్పుడు ఆదివారపు పాకలు చాలామందికి శాశ్వత నివాసాలైనాయి.

పెద్దమనుషులకు ఇది కంటగింపు అయింది. క్లఫ్ విలియమ్స్-ఎల్లిస్ అనే వాస్తుశిల్పి 1928లో 'ఇంగ్లండ్ అండ్ ది ఆక్టోపస్' అని ఒక పుస్తకమే రాశాడు, పల్లెసీమను ఈ కట్టడాలు ఆక్టోపస్‌లా మింగుతున్నాయని. ఆయన 1925 నుంచీ వేల్సు సముద్రతీరాన పోర్ట్‌మీరియన్ అనే ఊరిని తన ముచ్చట కొద్దీ కడుతూనే ఉన్నాడు. అది సౌందర్యం. కార్మికుడి రైలుపెట్టె వికారం.

అయితే ఆ పాకల జీవితాన్ని కావ్యం చేయడం కూడా పొరపాటే. డెనిస్ హార్డీ, కాలిన్ వార్డ్ 1984లో 'ఆర్కేడియా ఫర్ ఆల్' అనే గ్రంథంలో ఈ చరిత్రను ఎంతో ప్రేమతో సేకరించారు. అరాచకవాది అయిన వార్డ్‌కు అందులో ప్రజల స్వేచ్ఛాశక్తి కనిపించింది. అది నిజమే. కాని మురుగుకాలువ లేని చోట, వాన పడితే బురదలో బండి దిగబడే చోట, వీధి కుళాయి నుంచి నీళ్లు మోసుకున్న ఇల్లాలిని అడిగితే స్వేచ్ఛ గురించి మరోలా చెప్పేదేమో.

ఈ స్థితిలో 1947లో లేబర్ ప్రభుత్వం పట్టణ, గ్రామీణ ప్రణాళిక చట్టం తెచ్చింది. 1948 జులై 1 నుంచి అది అమలైంది. భూమి ఎవరిదైనా కావచ్చు, దాని మీద కట్టే హక్కు మాత్రం ప్రజలదన్నారు. కట్టాలంటే స్థానిక సంస్థ అనుమతి కావాలి. అనుమతి వల్ల భూమి విలువ పెరిగితే ఆ పెరుగుదల మొత్తాన్ని, నూటికి నూరు పాళ్లు, సుంకంగా చెల్లించాలి. ఈ రెండూ ఒకే నాణేనికి రెండు ముఖాలు. రైతు పొలం మీద ఇళ్లకు అనుమతి వస్తే ధర పదింతలు పెరగడంలో ఆ యజమాని శ్రమ ఏమీ లేదు, కనుక ఆ లాభం సమాజానిది. పెరట్లో కోళ్లగూడు వంటి చిన్నాచితకా కట్టడాలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఇవాళ్టి 'ఆనుషంగికం' మూలం అక్కడే ఉంది.

లెయిండన్, డంటన్ ప్రాంతంలో అప్పటికి సుమారు 25 వేలమంది ఉన్నారు. 1949లో అక్కడ బాసిల్డన్ కొత్తపట్నం ప్రకటించి, పాకలను నిర్బంధంగా కొని, క్రమంగా కూల్చారు. బదులుగా స్నానాల గదులున్న ఇళ్లు వచ్చాయి, అద్దెకు. సొంత నేల మీద నిలబడ్డవాడు అద్దెదారయ్యాడు. అయినా నీళ్లూ మురుగుకాలువలూ వచ్చాయి. ఈ లెక్కలో లాభమెంత, నష్టమెంత అన్నది ఒక్క వాక్యంలో తేల్చగలిగిన విషయం కాదు.

తేల్చి చెప్పగలిగింది ఇంకొకటి. 1953లో కన్సర్వేటివ్ ప్రభుత్వం ఆ సుంకాన్ని రద్దు చేసింది. లేబర్ పార్టీ 1967లో భూమి కమిషన్ రూపంలోనూ, 1976లో భూమి అభివృద్ధి పన్ను రూపంలోనూ మళ్లీ ప్రయత్నించింది. మొదటిది 1971లో పోయింది, రెండోది 1985లో పోయింది. ప్రతిసారీ ప్రజల వాటాయే రద్దయింది. అనుమతి నిబంధన మాత్రం చెక్కుచెదరలేదు. అంటే ప్రజల పేరుతో వేసిన కళ్లెం మిగిలింది, కళ్లెం వేయడానికి చెప్పిన కారణం పోయింది. కనుక నా ఫిర్యాదు నియంత్రణ మీద కాదు, దాన్ని ఇలా సగానికి నరికిన తీరు మీద.

(మనకు ఈ చట్టాలతో చుట్టరికం లేకపోలేదు. ఇంగ్లండులో 1909లో తొలి పట్టణ ప్రణాళిక చట్టం వచ్చింది. ఆ ఒరవడిలోనే 1920లో మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టం తయారైంది. రాష్ట్రం ఏర్పడ్డాక ఆంధ్ర ప్రాంతానికి అదే చట్టం సంక్రమించింది.)

సగం చట్టం ఎవరికి పనికివస్తుందో తర్వాతి చరిత్ర చూపిస్తుంది. 1960, 1968 చట్టాల ప్రకారం 'కారవాన్' అంటే ఒకచోటి నుంచి మరోచోటికి తరలించగలిగినది. 2006లో సవరించిన కొలతల మేరకు అది 20 మీటర్ల పొడవు, 6.8 మీటర్ల వెడల్పు దాకా ఉండవచ్చు, రెండు ముక్కలుగా తెచ్చి పెరట్లోనే బిగించుకోవచ్చు. చక్రాలు కనిపించనక్కర్లేదు. పెద్ద తోట, మంచి సలహాదారుడు ఉన్నవాడు ఇంటితో ముడిపెట్టి వాడుకుంటున్నానని చెప్పి, చాలామంది ఇళ్లకన్న పెద్ద కొయ్యఇంటిని తోటలో దించుకోగలడు. మాజీ ప్రధాని డేవిడ్ కామెరాన్ 2017లో జ్ఞాపకాలు రాసుకోవడానికి 25 వేల పౌన్లు పెట్టి 'గొర్రెల కాపరి గుడిసె' కొనుక్కున్నాడు. గొర్రెల కాపరులు అందులో లేరని వేరే చెప్పనక్కర్లేదు.

మరో పక్క స్లవ్ పట్టణం చూడండి. ఫ్యాక్టరీలు, విమానాశ్రయం కూలి, వలస వచ్చిన దక్షిణాసియా, తూర్పు యూరపు శ్రామికులు. అద్దెలు అందుబాటులో లేక పెరటి పాకల్లో మనుషులు బతుకుతున్నారు. 2012లో ప్రభుత్వం ఈ పాకల మీద దాడులకు తొమ్మిది స్థానిక సంస్థలకు 18 లక్షల పౌన్లు ఇచ్చింది. 2013లో స్లవ్ పురపాలకులు విమానం ఎగరేసి, వేడిని పసిగట్టే కెమెరాతో ఊరంతా ఫోటోలు తీయించారు. కోళ్లగూళ్లలో ఉండవలసిన దానికన్న ఎక్కువ వెచ్చదనం ఎక్కడుందో వెతికారు. ఆరువేలకు పైగా అనుమానపు పాకలు లెక్కకు వచ్చాయి. తేమ గోడల పాకకు అద్దె గుంజే యజమాని మీద నాకు జాలి లేదు. కాని తలుపు తట్టేవాళ్ల వెంట వలస అధికారులు కూడా వచ్చేవారు. యజమానికి నోటీసు, అద్దెకున్నవాడికి వీధి.

సరిగ్గా అదే 2013లో, మే నెలలో, అదే ప్రభుత్వం ఆఫీసు భవనాలను పూర్తి ప్రణాళికా అనుమతి లేకుండానే ఇళ్లుగా మార్చుకోవచ్చునని కంపెనీలకు వెసులుబాటిచ్చింది. గది ఎంత ఉండాలన్న నియమమే పెట్టలేదు. లండన్ తూర్పున ఇల్ఫర్డ్‌లో ఒక ఆఫీసు భవనాన్ని ఇలా మారిస్తే కొన్ని ఇళ్లు 13 చదరపు మీటర్లకు దిగాయి. 2020లో ప్రభుత్వమే చేయించిన అధ్యయనంలో, ఇలా మార్చిన ఇళ్లలో దేశ ప్రమాణాలకు తగినవి 22 శాతమేనని తేలింది. కిటికీ ఉండి తీరాలన్న నియమం 2020లోనూ, కనీసం 37 చదరపు మీటర్లుండాలన్న నియమం 2021లోనూ వచ్చాయి. అప్పటిదాకా ఆ గదులన్నీ సక్రమమైన ఇళ్లే.

పెరటి పాకకు చాలాకాలం ఒక చిన్న దారి ఉండేది. దాన్ని ఇల్లుగా నాలుగేళ్లు ఎడతెగకుండా వాడితే, దాపరికం లేనప్పుడు, ఇక కూల్చమనడానికి వీల్లేదు. వేల్సువాళ్ల ఒక్క రాత్రి ఇంటికి ఇది దూరపు చుట్టం. ఇంగ్లండులో 2024 ఏప్రిల్ 25 నుంచి ఆ నాలుగేళ్లను పదేళ్లు చేశారు.