రిక్తహస్తము: కరాటే నామమునందలి శూన్యార్థము

కరాటే విద్యకు జన్మస్థానము ఒకినావా ద్వీపము. అచ్చటి దేశీయ యుద్ధకళ చైనా ముష్టియుద్ధ పద్ధతులతో సంగమించి ఈ రూపమును దాల్చినది. పూర్వము ఈ నామమునకు "చైనా హస్తము" అని అర్థము. 1922లో ఫునకోషి గిచిన్ దీనిని టోక్యోలో ప్రదర్శించెను. అనంతరము అదే ఉచ్చారణ గల "శూన్య" వాచకాక్షరము వ్యాప్తిలోనికి వచ్చెను. 1936లో నాహా నగరమున సమావేశమైన ఆచార్యులు దానిని ఆమోదించిరి. నాటినుండి కరాటే యనగా రిక్తహస్తము.

చైనా బౌద్ధులు "శూన్యత" అను సంస్కృతపదమునకు గ్రహించిన అక్షరమును అదియే. శూన్యవాదాచార్యుడగు నాగార్జునుని మన సంప్రదాయము కృష్ణాతీరమందలి శ్రీపర్వతముతో ముడివేయుచున్నది. మన తిమ్మాజిపేట గల నాగర్‌కర్నూలు జిల్లాకు దక్షిణ సీమయు ఆ కృష్ణానదియే.

తొలి ప్రహారము సాధకునిది కారాదని ఫునకోషి బోధ. కావున ఆత్మరక్షణకై బిడ్డలను ఈ విద్యకు పంపు తల్లిదండ్రులు, హస్తమును ఆయుధరహితముగా నుంచుటతోపాటు మనస్సును ద్వేషరహితముగా నుంచుటయు నేర్పవలెను.