రేనాటి రాళ్లు

చరిత్రయనగా దూరదేశపు రాజుల పేళ్లును యుద్ధముల తేదీలును వల్లించుటయే యను భ్రమ మన విద్యాలయములనింకను వీడలేదు. తాజమహలు కట్టించినవారెవరని యడుగగనే చెప్పగల బాలుడు, తన యూరి గుడిముంగిట నిలిచిన రాతిపై నేమి వ్రాసియున్నదో చెప్పజాలడు. తప్పు బాలునిది కాదు. ఆ రాయి చదువదగినదని మనమతనికి చెప్పియుండలేదు. ఈ యాలోచనతోనే మేము మిత్రులు మువ్వురతో గూడి, సెలవులలో ప్రొద్దుటూరు మొదలు జమ్మలమడుగు మీదుగా పులివెందుల వరకు మోటారుబండిలో ప్రయాణము చేసితిమి. చూచినదానితోపాటు తోచినదానిని గూడ పాఠకులకు విన్నవించుట మా యుద్దేశము.

పెన్నానదియు, దానిలో గలియు కుందేరు, చిత్రావతి, పాపఘ్ని మున్నగు నేళ్లును పారు ఈ నల్లరేగడి సీమకు పూర్వనామము రేనాడు. క్రీస్తుశకము 6వ శతాబ్దినుండి యిచట రేనాటి చోళులు పాలించిరి. వారి రాజ్యము పెద్దది కాదు. వారి యుద్ధములును లోకప్రసిద్ధములు కావు. అయినను, అంతవరకు సంస్కృత ప్రాకృతములకే పరిమితమైయుండిన శాసనగౌరవమును ప్రజలు మాటలాడు తెలుగునకు గూడ గల్పించిన కీర్తి వారిది.

ప్రొద్దుటూరువద్ద పెన్న దాటి, ఎఱ్ఱగుంట్ల మీదుగా కలమళ్ల చేరితిమి. వార్తాపత్రికలు చదువువారికి ఈ యూరు రాయలసీమ తాప విద్యుత్కేంద్రమువలన తెలిసియుండును. అయితే ఇచటి చెన్నకేశవస్వామి యాలయప్రాంగణమున నున్న శాసనము అంతకన్న గొప్ప వెలుగు. సుమారు 575వ సంవత్సర ప్రాంతమున ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాడు ఏలుచుండగా నిది వెలసినది. ఇంతవరకు దొరకినవానిలో పూర్తిగా తెలుగు భాషలో నున్న తొలి శాసనమిదియేయని పండితులు తలచుచున్నారు. కె.ఎ. నీలకంఠశాస్త్రిగారును ఎం. వెంకటరామయ్యగారును దీనిని ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటమున పరిష్కరించి ప్రకటించిరి. అక్షరములు చాలవరకు నరిగినవి. అయినను శాసనములోని ‘ఏలు’ అను క్రియ పదునాలుగు వందల యేండ్లు దాటియు మన నోట బ్రదికియే యున్నది. తెలుగునకు ప్రాచీనభాషయను గుర్తింపు 2008లో లభించినది. ఆ గౌరవమునకు సాక్ష్యము చెప్పిన రాళ్లలో నిది మొదటిది. కాని ప్రతి బడిపిల్లవాడును దీనిని చదువగల్గిననాడే కదా ఆ గౌరవము సార్థకమగుట!

జమ్మలమడుగు చేరువను పెన్నయొడ్డున దానవులపాడు కలదు. ఇసుకలో పూడుకొనిపోయిన జైనాలయమును 20వ శతాబ్ది తొలి యేండ్లలో అలెగ్జాండరు రీ యను పురావస్తుశాఖాధికారి త్రవ్వించెను. రాష్ట్రకూటరాజు నిత్యవర్షుడు, అనగా మూడవ యింద్రుడు, శాంతినాథుని యభిషేకమునకై చేయించిన పీఠమిచట దొరకినది. ఇచటి శిల్పములలో ముఖ్యమైనవి మద్రాసు ప్రదర్శనశాలకు తరలిపోయినవి. ఒకనాడు జైనమునులు తపమొనర్చిన చోటు నేడు దానవుల పేర నిలిచియుండుట చూడగా, మరపు ఎంత వింతవింత కథల నల్లునో తెలియుచున్నది.

అట్లు తరలించుట న్యాయమా యని మా మిత్రులలో వాదము పుట్టినది. ఊరి సొత్తు ఊరనే యుండవలెనని యొకరనిరి. తీసికొనిపోకున్న నవి యే గోడకో పునాదిరాళ్లై యుండెడివని వేరొకరనిరి. మైలవరము జలాశయము చెంతనున్న ప్రదర్శనశాలను చూచిన పిదప మాకొక మధ్యమార్గము తోచినది. పరిసరగ్రామముల శిల్పములిచట నీడపట్టున, పుట్టినచోటికి దూరము గాకుండ నున్నవి. జమ్మలమడుగు పిల్లలు ఉదయము వచ్చి చూచి సాయంకాలమునకు ఇల్లు చేరవచ్చును. మద్రాసు పోయి చూడగల వారెందరు?

గండికోటయందు ఈ ప్రశ్న మఱింత తీవ్రమైనది. పెన్న కొండను చీల్చి పారు లోయయంచున పెమ్మసానివారు రక్షించిన ఈ దుర్గము 1652 నాటికి గోలకొండ సేనాని మీర్ జుమ్లా వశమైనది. ఆ యేడే యిచటికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియరు, ఫిరంగులు పోయించుటకై ఆలయముల రాగివిగ్రహములను ప్రోగుచేయించిరని వ్రాసెను. ఎత్తుకొనిపోదగిన లోహము యుద్ధమునకు ఆహుతియైనది. కదలని రాయి మిగిలినది. నేడు మాధవరాయస్వామి గుడి, రంగనాథాలయము, జుమ్మామసీదు, ధాన్యాగారము ఒకే కోటలో నున్నవి. వీనిని చూచినవాడు ఒక్క మతస్థుల చరిత్రనే చదివి తక్కినది విడువజాలడు. అయితే ఆ గోడలపై తమ పేళ్లు గీసిపోవు సందర్శకులును కలరు. మీర్ జుమ్లాకు ఫిరంగులు కావలసియుండెను, వీరికేమి కావలెనో!

ముద్దనూరు మీదుగా పులివెందుల చేరి, అచటినుండి వేంపల్లె చెంత గండి క్షేత్రమునకు పోయితిమి. ఇచట పాపఘ్ని కొండను చీల్చుకొని పారుచున్నది; వీరాంజనేయస్వామి యాలయము ప్రసిద్ధము. పెన్నపై గండికోట, పాపఘ్నిపై గండి! ఏరు కొండను చీల్చిన చోటికి గండియన్న పేరు పెట్టినవారు శాసనకర్తలు కారు, పశువుల కాపరులును సేద్యగాండ్రును. రాతిపైని యక్షరమరిగినను వారి మాట అరుగలేదు. చదువురాని జనులు మాటను కాపాడగా, చదువుకొన్న మనము రాతిని కాపాడలేకపోవుట సిగ్గుచేటు.

కావున మా మనవి యొక్కటే. శాసనపు నకలు తీయుట దేవరహస్యము కాదు. రాతిని కడిగి, తడికాగితమును దానిపై నతికించి, కుంచెతో కొట్టి, సిరామెత్తతో నద్దినచో చెక్కిన యక్షరములు తెల్లగను తక్కినది నల్లగను వచ్చును. నేర్పరులచే, అనుమతితో, అట్టి నకలు తీయించి, దానిక్రింద నేటి లిపిలో పాఠమును తాత్పర్యమును వ్రాయించి, ఆ యూరి బడిగోడకు తగిలింపవలెను. మూలము గుడిలో నున్నను, మైలవరమున నున్నను, మద్రాసున నున్నను, దాని మాట ఊరికి దక్కును. ఇందుకయ్యెడి వ్యయము ఒక పెండ్లిపందిరి కయ్యెడి వ్యయమునకు మించదు. కావలికాయు ఉద్యోగి రాతిని పగటివేళ మాత్రమే రక్షింపగలడు. చదువనేర్చిన యూరు దానిని తరతరములు రక్షించును.