మరగబెట్టినా పోని విషం

శుక్రవారం కదా, కాస్త పెద్ద పోస్టే. టీ తాగుతూ చదవండి.

ఎండకు నీరసపడితే ఆసుపత్రికి పోతే డ్యూటీ పోతుందని, తెలిసినోళ్లతో రూములోనే ఇంజక్షన్ చేయించుకోవడం మనకు అలవాటే. ఆమధ్య మా రూములో ఒకాయనకు అలాగే చేయించాం. గంట తిరక్కముందే మంచం ఊగేంత వణుకు. మూడు దుప్పట్లు కప్పినా ఆగలేదు. చివరికి ఆసుపత్రికే మోసుకుపోయాం, గండం గడిచింది. "సూది కొత్తదే, నీళ్లు మరగబెట్టే కలిపాను" అన్నాడు ఇంజక్షన్ చేసినాయన. ఆ వణుక్కి కారణం ఏదైనా కావచ్చు. కానీ "మరగబెట్టాను కదా" అనే ధీమా తప్పని తేలి వందేళ్లు దాటింది.

గల్ఫ్ రోడ్డులో సముద్రం వైపు ఉన్న పాత అమెరికన్ మిషన్ ఆసుపత్రిని చూసే ఉంటారు. 1914లో కట్టారు. ఆ రోజుల్లో ప్రపంచమంతటా డాక్టర్లకు ఒకటే చిక్కు. శుద్ధి చేసిన నీళ్లతో ఇంజక్షన్ ఇచ్చినా కొందరికి చలిజ్వరం వచ్చేది. 1923లో అమెరికాలో ఫ్లారెన్స్ సీబర్ట్ అనే శాస్త్రవేత్త ఆ గుట్టు విప్పారు. నీళ్లలో పెరిగిన బాక్టీరియా వదిలిన పదార్థమే జ్వరం తెప్పిస్తోందని, నీళ్లు కాచినా అది పోదని చూపించారు. ఆ పదార్థం కొన్ని రకాల బాక్టీరియా పైపొరలో ఉంటుంది. పేరు ఎండోటాక్సిన్. బాక్టీరియా చచ్చినా అది మిగులుతుంది. గాజు సీసాల మీద దాన్ని పోగొట్టాలంటే 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట ఉంచాలి.

మరి మందులో అది ఉందో లేదో తెలిసేదెలా? 1942లో కుందేళ్ల పరీక్ష అమెరికా మందుల ప్రమాణాల్లో చేరింది. కుందేలు చెవి నరంలోకి మందు ఎక్కించి, జ్వరం వస్తుందేమో గంటల తరబడి చూసేవాళ్లు. 1956లో ఫ్రెడెరిక్ బాంగ్ అనే ఆయన సముద్రంలో దొరికే హార్స్‌షూ పీతలోకి ఇలాంటి బాక్టీరియాను ఎక్కిస్తే దాని నీలి రక్తం గడ్డకట్టింది. 1964లో జాక్ లెవిన్‌తో కలిసి, ఆ రక్తకణాల రసం కొంచెం ఎండోటాక్సిన్ తగిలినా గడ్డకడుతుందని తేల్చారు. మందునూ రసాన్నీ గాజు గొట్టంలో కలిపి 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి తిరగేస్తారు. గట్టి పెరుగులా జారకుండా నిలిచిందంటే ఆ మందు పనికిరాదు. 1977లో అమెరికా ప్రభుత్వం ఈ పరీక్షకు ఒప్పుకుంది. ఇప్పుడు పీత రక్తం లేకుండా ల్యాబులో తయారయ్యే రసం కూడా వచ్చింది.

ఇందులో మన సంగతి కూడా ఉంది. మనలో షుగర్ ఉన్నోళ్లు వాడే ఇన్సులిన్‌లో కొన్ని రకాలను ఈ.కోలై అనే బాక్టీరియాతోనే తయారుచేస్తారు. అలాంటి మొదటి ఇన్సులిన్‌కు 1982లో అనుమతి వచ్చింది. మందు చేసిపెట్టే ఆ బాక్టీరియా ఒంట్లోనే ఈ విషమూ ఉంటుంది. అందుకే వడకట్టి, శుద్ధి చేసి, పరీక్షించాకే బయటికి వదులుతారు.

గల్ఫ్ మెడికల్‌లో హెపటైటిస్ బి ఉందంటే అన్‌ఫిట్ చేస్తారని మనకు తెలుసు. దాని టీకాను 1997లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ హైదరాబాద్‌లో తయారుచేసింది. అది ఈస్ట్‌తో చేసిన టీకా. ఈస్ట్‌లో ఈ విషం ఉండదు. అయినా నీళ్ల నుంచో సీసాల నుంచో చేరొచ్చు కాబట్టి ఇలాంటి టీకాలకూ ఈ పరీక్ష తప్పదు.

నరంలోకి ఎక్కించే మందులో మనిషి బరువు కిలోకు గంటకు 5 యూనిట్లు దాటకూడదు. ఒక యూనిట్ అంటే సుమారు గ్రాములో వెయ్యి కోట్లో వంతు. అది కంటికి కనబడదు, వాసన రాదు. ఇంత చిన్నదాన్ని పట్టుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది. మన రూములో స్టవ్ మీద కాచిన నీళ్లకు ఆ పరీక్ష ఎవరు చేస్తారు?

ఇకమీదట ఇంజక్షన్ అయినా సెలైన్ అయినా క్లినిక్‌లోనే చేయించుకుందాం. భాష రానోళ్లకు ఒకరం తోడు పోదాం. ఎక్కడైనా సరే, చలి, వణుకు మొదలైతే మందు ఎక్కించడం వెంటనే ఆపించి, 112కు ఫోన్ చేయండి.