నెల్లూరు తీరపు ఇంటిపేర్లు: రోమన్ లిపిలో వర్ణలోపం

ఇంటిపేరు వంశసూచకమే కాదు, స్థలచరిత్రకు ఆధారం కూడా. నెల్లూరు తీరంలో అనేక ఇంటిపేర్లు గ్రామనామాలే. అవి ఆంగ్ల రికార్డుల్లో రోమన్ లిపిలోకి మారినప్పుడు కోల్పోయిన వర్ణాలను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ఈ మార్పు తీరానికి కొత్తది కాదు. 1626లో ఈస్టిండియా కంపెనీ దుగరాజపట్నం వద్ద వర్తకస్థావరం నెలకొల్పింది. ఆంగ్ల పత్రాలలో దాని పేరు ఆర్మగాన్. స్థానికంగా తోడ్పడిన ఆరుముగ మొదలియారు పేరే అట్లా మారిందని ప్రతీతి. తెలిసిన కథ లేకుంటే ఈ రూపం నుండి మూలనామాన్ని ఊహించడం దుస్సాధ్యం.

ఇంటిపేర్లలో మార్పు ఇంత స్ఫుటంగా కనిపించదు. అందువల్లనే ఎక్కువ ప్రమాదకరం. కస్తూరిదేవి విద్యాలయ స్థాపకురాలు పొణకా కనకమ్మ ఇంటిపేరులోని ణకారం, ఆమె పేరులోని నకారం రోమన్ లిపిలో ఒకే ‘ఎన్’ అక్షరమయ్యాయి. అలగానిపాడులో 1913లో జన్మించిన సుందరయ్య ఇంటిపేరు పుచ్చలపల్లి. వాడుకలో ఉన్న ఆంగ్ల వర్ణక్రమం ద్విత్వచకారాన్ని సూచించదు. ‘దొడ్ల’లోని దకార డకారాలు రెండూ ‘డి’ అక్షరంతోనే రాయబడుతున్నాయి. పాత్రికేయుడు నరసయ్య (1849–1909) ఇంటిపేరు దంపూరు. ఆంగ్లంలో తుది ఉకారం లోపించింది.

ఈ సమస్య తెలుగుకే పరిమితం కాదు. పోలండ్ నాయకుడు లేక్ వవెన్సా ఇంటిపేరులోని ‘ఎల్’ అక్షరానికి అడ్డగీత ఉంది, దాని ఉచ్చారణ వకారసదృశం. ‘ఇ’ అక్షరం కింద ఉన్న తోక అనునాసికతకు గుర్తు. ఆ రెండు గుర్తులూ తొలగిస్తే చదువరి వాలెసా అంటాడు. భేదమేమంటే పోలిష్ లిపి రోమన్ లిపికే రూపాంతరం కనుక గుర్తులు చేర్చితే మూలరూపం సిద్ధిస్తుంది. మనకు లిపియే మారింది.

కనుక రోమన్ రూపం నుండి తెలుగు రూపాన్ని పునర్నిర్మించడం పరిశోధకునికి తగదు. తెలుగు సంతకం, దస్తావేజు, శాసనం, ముద్రితగ్రంథం ఆధారంగా తెలుగు రూపాన్ని ముందుగా నిర్ణయించి, రోమన్ రూపభేదాలను దాని కింద చేర్చాలి. లేకుంటే ఒకే వంశం సూచికలో రెండుగా చీలుతుంది, లేదా రెండు వంశాలు ఒకటవుతాయి. ఇంటిపేరులో చెరిగిన ఒక్క వర్ణంతో దాని వెనుకనున్న ఊరి జాడ కూడా చెరిగిపోవచ్చు.