కాసే కుక్క, తోలే కుక్క

అమీర్‌పేట హాస్టల్లో ఉండి జావా నేర్చుకునే రోజుల్లో ఒక రాత్రి బోర్డర్ కోలీ వీడియో చూస్తున్నాం. ఈల వినగానే కుక్క పొట్ట నేలకానించి పాకుతుంది, మందంతా ఒక్క ముద్దై గేటులోకి వెళ్లిపోతుంది. పక్క మంచం మీది సిద్దిపేట కురుమ కుర్రాడు నవ్వేశాడు. "మా కుక్క గొర్లను తోలదన్నా, కాస్తది."

తోలడానికీ కాయడానికీ మధ్య ఉన్నది కుక్క జాతి తేడా ఒక్కటే కాదు, భూమి తేడా.

వేల్స్‌లోని బాలాలో 1873లో గొర్రెల కుక్కల పోటీలు జరిగాయి. అక్కడి గొర్రెలు కాపరి లేకుండానే కొండల మీద మేస్తాయి. ఉన్ని కత్తిరించాలంటే వాటిని పోగుచేసి తేవాలి. తోడేళ్లు శతాబ్దాల కిందటే పోయాయి, కాబట్టి కాపలా అక్కర్లేదు. కోలీ చేసేది సగంలో ఆపేసిన వేట: చూపు నిలపడం, పొంచడం, చుట్టుముట్టడం. కరవడం మాత్రం ఉండదు.

దక్కన్‌లో కాపరి మందతోపాటే నడుస్తాడు. బాటకి అటు జొన్న, ఇటు కంది. కూతలతో, కర్రతో అదుపు చేసుకోవాల్సిందే. పంట కోశాక రైతు చేలో రాత్రికి మంద పెట్టించుకుని, ఎరువుకి బదులు గింజలో డబ్బులో ఇచ్చేవాడు. మర్నాడు ఇంకో చేను. ఇవాళ కరెంటు కంచెలు కట్టి చేస్తున్న మార్పిడి మేత ఇంచుమించు ఇదే. కుక్క అసలు పని ఆ రాత్రి మొదలవుతుంది, తోడేలు కోసం. పిల్లప్పట్నుంచి జీవాల మధ్యే పెరిగిన కుక్కని చూసి గొర్రె బెదరదు. కోలీ పనంతా ఆ బెదురు మీదే.

అమెరికాలో బడ్ విలియమ్స్, టెంపుల్ గ్రాండిన్ చెప్పిన పద్ధతికి కూడా మూలం ఆ బెదురే. ప్రతి పశువు చుట్టూ కనపడని గీత ఒకటుంటుంది. దాన్ని కాస్త దాటితే పశువు కదులుతుంది, వెనక్కి తగ్గితే ఆగుతుంది. అరుపులు అనవసరం. (పంజాగుట్ట సిగ్నల్ దగ్గర వెనకనుంచి హారన్ కొట్టేవాళ్లకి ఇది ఎవరైనా చెప్తే బాగుండు.)

కుక్క విలువ మన కాపరులకి తెలియక కాదు. ఒగ్గు కథల మల్లన్న, మరాఠీవాళ్ల ఖండోబా, కన్నడిగుల మైలార లింగడు ఒకరే. ఆ దేవుడి పక్కన కుక్క ఉంటుంది. 'క్రీడాభిరామం' నాటికే ఓరుగల్లులో మైలారు భక్తులున్నారు.

అలాంటి చోట 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్లకురుమలకి 75 శాతం సబ్సిడీతో గొర్రెలు పంచింది. వాటిని పక్క రాష్ట్రాల నుంచి లారీల్లో తెచ్చారు. దిగేసరికి అవి ఎంత బెదిరి ఉంటాయో ఊహించుకోవచ్చు. యూనిట్ అంటే 20 గొర్రెలు, ఒక పొట్టేలు. మేతకి బీడు ఆ లెక్కలో లేదు, కుక్కా లేదు.